లోపలి గాలి

సుమో సచ్చిపోయి మూడేండ్లు.
ములుగు రోడ్డు తుక్కు షెడ్డుల
అద్దాలు, సీట్లు, తలుపులు
ఎవలకు దొరికినయి వాళ్లు కొంచవోయిండ్రు.
ఆల్టర్నేటర్ వీపుకు కరుసుకొని
కొబ్బరిచిప్పంత పంపొకటి మిగిలింది.
సాంబలచ్చిమి తక్కెట్ల ఏసి
"ఇనుమా, సిల్వరా?" అన్నది.
"రెండూ ఉన్నయి" అన్న.
"అయితె సిల్వర్ రేటే" అన్నది.

ఆ పంపు ఏం పని చేసిందో మీకు చెప్పాలె.
నర్సంపేట నుంచి పద్నాలుగు మందిని కుక్కుకొని
సుమో తిరిగినన్ని రోజులు
డ్రైవర్ కాలి కింద
బ్రేకు కోసం ఇంత ఖాళీని కాపలా కాసింది.
మేకపిల్ల అడ్డమొస్తె,
ఎనుమాముల పోయే మిరప బస్తాల ట్రాక్టర్
లైటు లేకుండ ఎదురొస్తె,
ఆపుమంటె ఆపింది.
ఆపుడు తప్ప దానికి వేరే విద్య రాదు.

యాకయ్య దాన్ని ఉరుకుడికి అడిగిండు.

యాకయ్యది ఎస్టీమ్, తలుపుకో రంగు.
ఆరువేలు దాటంగనే డిప్‌స్టిక్
గూట్ల పిట్ట తీరుగ తలకాయ బయటవెడుతది.
సీళ్ల సందుల నూనె చెమట.
"పైన మండుడు మండుతది" అంటడు
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకొని,
"రింగుల పక్కపొంటి జారి
కిందికి దిగిన గాలి ఏడికి పోవాలె?
క్రాంకు కాళ్లకు సుట్టుకుంటది.
మోకాలిలోతు నీళ్లల్ల ఉరికినట్టు ఉరుకుతది నా బండి."

నాకు సమజైంది.
పోయినేడు ఇదే బండికి హెడ్డు కోసిచ్చిన పైసలు
నాలుగు వేలు, ఇంక రాలే.
అడుగుదామనుకున్న రోజే
పొద్దుగాల వచ్చి చాయ్ తాగిపిస్తడు.
మాటను చాయ్‌తోని కలిపి మింగుత.

లేతు మీద నాలుగు రాత్రులు.
పాత ఇరుసు కోసి కొత్త పుల్లీ.
క్రాంకు రెండు సుట్లు తిరిగితె పంపు ఒక్కటే తిరగాలె,
ముసల్ది, తొందరపెడితె రెక్కలిరుగుతయి.
దానికి తాగ సన్న నూనె పైపు.
అది ఊదే మూతి కింద స్వరూప వదినె తొక్కు సీసా,
మూడుసార్లు కడిగినా మెంతుల వాసన పోలే.
సీళ్ల పెదవులు తిప్పి ఏసినం,
ఇగ లోపలి గాలిని కాదు, బయటి గాలిని ఆపాలె అవి.

మొదటిసారి స్టార్ట్ చేస్తె
గేజు ముల్లు పద్దెనిమిదికి పోయింది.
యాకయ్య ఎగిరి దుంకిండు.
నేను కీ తిప్పి బందు చేసిన.
"అంత గుంజొద్దుర బై.
పిస్టన్ పిన్నులకు అందేది ఆ నూనె పొగే.
మొత్తం ఊడ్సి పారేస్తె ఎండి పట్టుకుంటయి."
పెన్ను స్ప్రింగు, సైకిల్ గుండు, ఇత్తడి నట్టు,
వీటితోని చిన్న వాల్వు చేసి పెట్టిన.
పన్నెండు దాటంగనే సన్నగ ఈల.
ఎంత తీయాలె, ఎంత ఉంచాలె,
ఆ గుండుకు ఎరుక.

ఆదివారం తెల్లారంగ,
ఇంకా తెరవని రింగురోడ్డు ముక్క మీద
మంచు, కంకర లారీల డ్రైవర్లు ముగ్గురు,
నేను, నా ఫోన్ల గడియారం.
యాకయ్య పోయిండు.
డిప్‌స్టిక్ కట్టిన తీగ కదల్లే.
గీత దాటినంక బ్రేకు తొక్కిండు.
ఆ బ్రేకుకు ఈ పంపుతోని సంబంధమే లేదు,
అయినా పాత పేరుతోని ఎవలో పిలిసినట్టు
బెల్టు కింద చిన్నగ మూలిగింది.

తేడా ఎంత? రెప్పపాటు కన్న తక్కువ.
"గంతేనా" అన్నడు ఒక లారీ డ్రైవర్.

యాకయ్య బానెట్ లేపి
క్రాంకు సీలు సుట్టూ వేలు తిప్పి
నా కండ్ల ముంగట పట్టిండు.
పొడి వేలు.
తుడుసుకునే బట్ట జేబుల్నే ఉన్నది.
తొక్కు సీసా అడుగున
పాలచాయ్ రంగు బురద, రెండు చెంచాలు కూడ ఉండదు.
ఇన్నొద్దులు బండిని వెనక్కి గుంజింది గిదా.

నాలుగు వేల మాట
పంటి దాక వచ్చింది.
వాడు ఇంకా ఆ వేలునే చూసుకుంటుండు.
"సీసా" అన్న,
"వదినెకు కొత్తది కొనియ్యి."